ఎడమకి ఒరిగిన ముఖం

కాస్త ఇటు జరిగి కూర్చో తల్లీ. ఆ ఫోను బోర్లించి పెట్టు, అది ఎక్కడికీ పోదు. మన పక్క వాటాలో ఉండే అమ్మాజీ సంగతి చెబుతాను. పొద్దున్నే టిఫిను డబ్బా సంచిలో వేసుకుని బోరబండ మెట్లు దిగిపోతుంది చూడు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లగా ప్లాస్టర్ ఉంటుంది, ఆ మనిషి. మొన్న ఆరు రోజుల్లో ఆవిడకి జరిగినదంతా నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను వరస కలిపి చెబుతున్నాను. మధ్యలో లేచిపోకు.

సోమవారం మొదలైంది. ఫిల్మ్‌నగర్ వెనక, కొండ వాలులో ఒక రేకుల షెడ్డు ఉంది. సినిమాలకి కావలసిన సింహాలు, దేవుళ్ళు, స్తంభాలు అక్కడే తయారవుతాయి. ముందు బంకమట్టితో చేస్తారు. మట్టి మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ఫైబర్ వేస్తే అసలు బొమ్మ బయటికి వస్తుంది, మట్టి తిరిగి డ్రమ్ములోకి పోతుంది. షెడ్డు త్రినాథరావు మేస్త్రిది. శ్రీకాకుళం వైపు మనిషి, అరవై దాటినా నిచ్చెన ఎక్కి పనిచేస్తాడు. అమ్మాజీ అక్కడ పంతొమ్మిదేళ్ళుగా హెల్పరు. పనితనానికి వంక పెట్టలేరు, కానీ సినిమా పనివాళ్ళ సంఘం కార్డు లేదు. కార్డు లేనివాళ్ళు షూటింగు ఫ్లోరు గేటు దాటకూడదు. చేసిన బొమ్మ నాదని చెప్పుకోకూడదు. కార్డు రావాలంటే మొదటినుంచి చివరిదాకా తానొక్కతే చేసిన పని ఒకటి చూపించి, ఆర్ట్ డైరెక్టర్ చేత దానికి ఉత్తరం రాయించుకుని వెళ్ళాలి. ఆ శనివారంతో కొత్త కార్డులు ఆపేస్తున్నామని బోర్డు మీద రాశారు. మళ్ళీ ఇచ్చేనాటికి అమ్మాజీకి యాభై దాటిపోతాయి. యాభై దాటితే ఇవ్వరు.

ఆ సోమవారం ఆర్ట్ డైరెక్టర్ వరప్రసాద్ కారు దిగి, వెంట ఒక అమ్మాయిని తీసుకొచ్చాడు. ఆ పిల్ల పేరు మేధ. పాతకాలపు ఎముకల మీద చదువుతోందట, సినిమాకి సలహా చెప్పడానికి పెట్టుకున్నారు.

"మేస్త్రీ, తిమింగలం పుర్రె కావాలి. ఆరడుగులు. శుక్రవారం పొద్దున్నే ఫ్లోరులో ఉండాలి" అన్నాడు వరప్రసాద్.

"తిమింగలానికి పుర్రేటి బాబూ?" అన్నాడు త్రినాథరావు.

"బుర్ర ఉన్న ప్రతిదానికీ పుర్రె ఉంటుంది మేస్త్రీ."

వెనక చెక్క కోస్తున్న వడ్రంగి యాదగిరి రంపం ఆపాడు. "గట్లయితే జర మా డైరెక్టర్లను కూడ చూడుండ్రి సార్, ఉందో లేదో."

వరప్రసాద్ నవ్వకుండా ఉండలేకపోయాడు. త్రినాథరావు మాత్రం గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. అతని చేతిలో అప్పటికే మరో సినిమా గుడి ఉంది, పన్నెండు స్తంభాలు. అమ్మాజీ వైపు చూశాడు.

"ఇది అమ్మాజీ చేస్తాది బాబూ. మట్టి కాడినుంచి రంగు దాకా అదే. నచ్చితే ఆ కాయితమేదో రాసీ. పాపం ఎన్నాళ్ళనుంచో సూస్తోంది."

"డైరెక్టరు ఓకే అంటే రాస్తాను. నాదేం పోయింది" అన్నాడు వరప్రసాద్. అని వెళ్ళిపోయాడు. త్రినాథరావు కూడా స్తంభాల కొలతలకని మణికొండ వెళ్ళాడు.

మేధ బల్ల మీద కాగితాలు పరిచింది. పైనుంచి, కిందనుంచి, రెండు పక్కలనుంచి తీసిన ఫోటోలు. అమ్మాజీ చెయ్యి చీరకి తుడుచుకుని ఒక్కొక్కటే దగ్గరికి తీసుకుని చూసింది. మొహం ముందుకి సాగి కొంగ ముక్కులా ఉంది.

"ఇది తిమింగలమాండీ? పక్షి కదా?"

"ముక్కు తిమింగలాలంటారు. ఇప్పటికీ సముద్రంలో వాటిలో కొన్ని జాతులున్నాయి. ఇది మాత్రం లేదు. ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందటే పోయింది. దీన్ని ఎవరూ చూడలేదు. చర్మం ఏ రంగో, కన్ను ఎంతో, ఏమీ తెలియదు. మనకి దొరికింది ఈ ఎముకే."

"ఎక్కడ దొరికిందండీ?"

"దక్షిణాఫ్రికా దగ్గర, సముద్రం అడుగున. చేపల పడవల వలల్లో పడి పైకొచ్చాయి ఇలాంటివి. ఈ ముక్కు ఎముక రాయిలా గట్టిగా, బరువుగా ఉంటుంది. అందుకే అన్నేళ్ళు కరిగిపోకుండా ఆగింది."

అమ్మాజీది ఉప్పాడ, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. వల అనే మాట వినగానే కాగితం మీదనుంచి తలెత్తింది. "బరువు తగిలితే వల చిరుగుద్దండి. పెద్ద చేపనుకుని లాగుంటారు పాపం. మరి ఆ వలోళ్ళ పేరు పెట్టారా దీనికి?"

మేధ కాగితాల అంచులు సర్దింది. "లేదండీ. దాని గురించి మొదట రాసినవాళ్ళు పేరు పెడతారు. వల ఎవరిదో రాసినట్టు నేను ఎక్కడా చదవలేదు."

"ఊఁ" అంది అమ్మాజీ. అని పైనుంచి తీసిన ఫోటో ముందుకి లాగి, కనుబొమ్మలు ముడిచింది. పుర్రె నడినెత్తిన ఎముకల గుట్ట మధ్యగీత మీద లేదు. ఎడమ పక్కకి ఒరిగి ఉంది. కుడి పక్క ఎముక వెడల్పుగా, ఎడమది సన్నగా.

"ఫోటో వంకరగా తీశారాండీ?"

"లేదు లేదు, మీరు చూశారే!" మేధ మొహం వెలిగింది. "దాని పుర్రే అంత. పళ్ళున్న తిమింగలాల పుర్రెలు చాలావరకు కాస్తో కూస్తో అలా ఒరిగే ఉంటాయి. చీకటి నీళ్ళలో అవి శబ్దం పంపించి, తిరిగొచ్చిన దాన్నిబట్టి వేటాడతాయి. ఆ ఏర్పాటు కోసమే నెత్తి అలా అయిందని అంటారు. సినిమాల్లో ఎవరూ పట్టించుకోరు. మీరు మాత్రం అలాగే చేయండి. ప్లీజ్."

ఆ ప్లీజ్ అనే మాట షెడ్డులో ఆవిడతో అంతకుముందు ఎవరూ అనలేదట.

ఇనుప చువ్వలు వంచి యాదగిరి వెన్ను కట్టి ఇచ్చాడు. దానికి కోళ్ళ గూళ్ళకి కొట్టే ఇనుప జాలీ చుట్టి, పీచు తొక్కి, అమ్మాజీ మట్టి ఎక్కించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా ఒట్టి ముద్ద. మూడు గంటలకి ముక్కు తేలింది. అరచేతి కండతో నొక్కుతూ, బొటనవేలితో లాగుతూ, నెత్తి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఏ సింహం చేసినా, ఏ ఏనుగు చేసినా కుడి చెయ్యి ఏం చేస్తే ఎడమ చెయ్యి అదే చేసేది. ఇప్పుడు కుడి చెయ్యి ఒకటి చేస్తుంటే ఎడమ చేతిని వద్దని ఆపాలి. రెండుసార్లు అలవాటున సమానంగా చేసేసి మళ్ళీ తీసేసింది. మూడోసారి కళ్ళు మూసుకుని చేసిందట. కళ్ళు తెరిచేసరికి ఆ ముఖం ఎవరో పిలిస్తే పక్కకి తిరిగి వింటున్నట్టుంది.

యాదగిరి దాని చుట్టూ తిరిగి చూశాడు. "అక్కా, గిదేంది, పెరాలిసిస్ వచ్చినట్టు?"

"అంతే ఉంటదంట బాబూ."

"మంచిగనే ఉంది గని. జర భయమైతుంది."

పొద్దుగూకాక తడి గుడ్డ కప్పి, పైన పాలిథీన్ చుట్టి ఇంటికొచ్చింది. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. కప్పిన మట్టిని చేసినవాడు తప్ప మరొకడు విప్పకూడదు. ఆ ధైర్యంతోనే త్రినాథరావుకి ఫోన్ చేసి ఆ ఒరిగిన నెత్తి సంగతి చెప్పాలని కూడా ఆవిడకి తోచలేదు. అయితే ఆ కట్టుబాటు మేస్త్రి మట్టికే గానీ హెల్పరు మట్టికి కాదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం అంతవరకు రాలేదు కూడా. హెల్పరుకి సొంత మట్టి ఎప్పుడుంది గనక.

మంగళవారం తెల్లారగట్ల నుంచీ వాన. మధురానగర్ దగ్గర నీళ్ళు నిలిచి బస్సు గంటన్నర కదల్లేదు. అమ్మాజీ షెడ్డుకి చేరేసరికి పుర్రె మీద ప్లాస్టర్ పడిపోయింది. గోనె పట్టీలు ప్లాస్టర్‌లో ముంచి అంచులకి పరుస్తూ త్రినాథరావు హుషారుగా ఉన్నాడు.

"వచ్చినావా? టైము లేదని తెల్లారకముందే వచ్చి నానే అచ్చు వేసీసినాను. నువ్వు టీ తాగు ముందు, తడిసిపోయినావు."

ఆవిడ చేతులు జోడించింది. మేస్త్రి తన పనికి చెయ్యి కలపడం ఎంత మర్యాద. టీ తాగి, గిన్నె తీసుకుని, తనూ ప్లాస్టర్ కలిపింది. సాయంత్రం అచ్చు విప్పి లోపలి మట్టి తవ్వి డ్రమ్ములో వేశారు. ముద్దలు ముద్దలుగా ఊడివచ్చింది. అందులో ఏ ముద్ద ఏదో ఎవరికి తెలుస్తుంది.

బుధవారం అచ్చుకి మైనం రాసి ఫైబర్ వేశారు. పొరమీద పొర, బ్రష్షుతో బుడగలు లేకుండా ఒత్తుతూ మూడు పొరలు. వాసనకి కళ్ళు మండుతుంటే కొంగు ముక్కుకి కట్టుకుంది. నాలుగు గంటలకి అచ్చు విడదీశారు. అమ్మాజీ తడిగుడ్డతో దుమ్ము తుడుస్తూ నెత్తి మీదికి చెయ్యి తీసుకెళ్ళింది. కుడి పక్క దాటి ఎడమ పక్కకి వచ్చింది. మళ్ళీ కుడికి వెళ్ళింది. మళ్ళీ ఎడమకి.

రెండూ ఒకటే.

కొలబద్ద తేలేదు. ఆ చేతులకి కొలబద్ద దేనికి?

"మేస్త్రి గారండీ, ఈ ఎడం పక్క ఎవరు కోశారండి?"

"నానే కోసినాను." త్రినాథరావు చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటున్నాడు. "ఒంకరగా పెట్టీసినావు కదా. అలాగే పంపిస్తే నీ కాయితం గోవిందా. అందుకే నడిమికి తూకం గుండు దించి, కుడి పక్క కొలతలన్నీ ఎడం పక్కకి ఎత్తీసినాను. రెండు గంటలు పట్టింది నాకు."

"అది అలాగే ఉంటదంటండి. మేధమ్మ గారు చెప్పారు."

"ఏటి చెప్పింది? దేవుడు ఏ జీవినైనా రెండు పక్కలా సమానంగా చేసినాడా లేదా? చేపకైనా, చీమకైనా. నలభై ఏళ్ళనుంచి చేస్తన్నాను, నాకు తెలీదేటి?"

కోపంగా అన్న మాట కాదది. ఆవిడకి మేలు చేశాననే అనుకుంటున్నాడు. ఆవిడ సన్న ఇసక కాగితం తీసుకుని, తనది కాని ఆ ఎముకని నున్నగా రుద్దుతూ కూర్చుంది. దాని మీద టీ డికాషను, ఎర్రమట్టి నీళ్ళు, చివరికి పలచగా నలుపు పట్టించింది. పొద్దుపోయేసరికి అది నిజంగా సముద్రం అడుగునుంచి తెచ్చినట్టే ఉంది. ఆ రంగు మాత్రం ఆవిడదే.

గురువారం పదింటికి వరప్రసాద్, మేధ వచ్చారు. వరప్రసాద్ దూరంనుంచే "అదిరింది" అన్నాడు. మేధ దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఒక్కసారి తిరిగి, తన సంచిలోంచి ఫోటో తీసి పక్కన పట్టుకుంది.

"ఇది తప్పు సార్."

"ఏది తప్పు?"

"రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయి. ఇలాంటి పుర్రె ఉన్న ముక్కు తిమింగలం లేదు. ఎప్పుడూ లేదు. నేను సోమవారం ప్రత్యేకంగా చెప్పాను." మేధ అమ్మాజీ వైపు తిరిగింది. ఆ చూపులో కోపం కన్నా చిన్నబోవడమే ఎక్కువగా ఉందట. అదే ఆవిడకి ఎక్కువ తగిలింది.

వరప్రసాద్ మొహం ఎర్రబడింది. "మేస్త్రీ, ఏంటిది? పేపర్లు ఇచ్చి, మనిషిని పంపి చెప్పిస్తే కూడా ఇలాగా? మీ షెడ్డుకి ఇంక పని ఇవ్వాలా వద్దా?"

త్రినాథరావు పెదవి తడుపుకున్నాడు. పన్నెండు స్తంభాలూ వరప్రసాద్ ఇప్పించినవే. షెడ్డులో ఎనిమిది మంది రంపాలూ బ్రష్షులూ ఆపి వింటున్నారు.

"నాను గుడి పన్లో ఉన్నాను బాబూ. నాకేటి తెలుసు? హెల్పరు కదా, అలవాటు కొద్దీ చేసీసింది."

యాదగిరి అమ్మాజీ వైపు చూసి, రంపం వైపు చూసుకున్నాడు.

"నేను అలా చేయలేదండి" అంది అమ్మాజీ.

"మరెవరు చేశారు? దెయ్యమా?"

ఆవిడ త్రినాథరావుని చూసింది. అతను కింద ఎండిపోయిన ప్లాస్టర్ మరకని చెప్పుతో గీకుతున్నాడు. పంతొమ్మిదేళ్ళు అన్నం పెట్టిన మనిషి. ఒక్క మాట చాలు, నానే అని. ఆ మాట కోసం ఆవిడ కాసేపు నిలబడింది. తర్వాత, "లప్పం పెట్టి సరిచేస్తానండి. సాయంత్రానికి అయిపోద్ది. ఎలా ఉండాలో నా చేతికి తెలుసు" అంది.

"నువ్వు ముట్టుకోకు. ఉన్నది కూడా పోతుంది. రేపు ఎనిమిదింటికి షాట్." వరప్రసాద్ కారు తాళాలు ఊపాడు. "ఇంటికెళ్ళు. ఉత్తరం గిత్తరం అని నా దగ్గరికి రాకు."

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. నేను బియ్యం ఏరుకుంటూ వాకిట్లో ఉన్నాను. ఏమ్మా పెందలాడే వచ్చావు అంటే, తలనొప్పి పిన్నిగారండీ అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

శుక్రవారం పదకొండింటికి యాదగిరి ఫోన్ చేశాడు. "అక్కా, జల్ది గేటు కాడికి రా. ఏంది ఎందుకు అని అడగకు."

ఆటో ఎక్కి వెళ్ళింది. జూబ్లీ హిల్స్ దాటాక ఎడమ చేతివైపు ఫ్లోరు. కార్డు లేదు కాబట్టి గేటు బయట గోడ నీడన నిలబడింది. లోపలినుంచి మొదట మేధ వచ్చింది. సంచి భుజాన వేసుకుంది, మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది.

"నా పేరు సినిమాలో వేయొద్దని చెప్పి వచ్చేశాను" అంది. "డైరెక్టర్ గారికి ఫోటో చూపించాను. ఇలా వంకరగా ఉంటే జనం మన ఆర్ట్ వాళ్ళు తప్పు చేశారనుకుంటారమ్మా అన్నారు. చేసిందే బాగుందట. చాలా బాగుందట."

అమ్మాజీ ఆ పిల్లకి నీడలో చోటిచ్చి పక్కకి జరిగింది.

"ఒక్కటి చెప్పండి. మీరే అలా చేశారా?"

"లేదమ్మా. మీరు చెప్పినట్టే చేశానండి. కుడి పక్క పెద్దది, ఎడం పక్కకి ఒరిగి. తెల్లారేసరికి కోసేశారు."

"మట్టిలో ఉన్నప్పుడు ఫోటో తీశారా ఎవరైనా?"

"మట్టికి ఫోటో ఎవరు తీస్తారమ్మా. అచ్చయ్యాక డ్రమ్ములో వేసేస్తాం. ఈపాటికి గుడి స్తంభం అయిపోయుంటది."

మేధ ఆవిడ చేతుల వంక చూసింది. ఏదో అడగబోయి, వచ్చిన ఆటో ఎక్కేసింది. ఆ పిల్ల నమ్మిందో లేదో అమ్మాజీకి ఇప్పటికీ తెలియదు.

కాసేపటికి వరప్రసాద్ నవ్వుతూ వచ్చాడు, వెనక త్రినాథరావు. "ఏం అమ్మాజీ, అదృష్టం నీది. డైరెక్టరు చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఎవరు చేశారయ్యా, రెండు పక్కలా అద్దంలో చూసినట్టుంది అన్నాడు. నీ పేరే చెప్పాను. నిన్న అన్నది మనసులో పెట్టుకోకు." కారు బానెట్ మీద కాగితం పెట్టి, పెన్ను మూత నోటితో తీసి రాయడం మొదలుపెట్టాడు. "తిమింగలం పుర్రె... మొత్తం... స్వయంగా... అమ్మాజీ. ఇంటిపేరేంటి?"

"సార్, అది నేను చేసింది కాదండి."

పెన్ను ఆగింది. "నిన్న మేస్త్రి నువ్వే చేశావన్నాడుగా. మేస్త్రీ, ఎవరు చేశారు?"

గేటులోంచి జనరేటరు వ్యాను వెళ్తోంది. త్రినాథరావు అది దాటేదాకా దాని వైపే చూశాడు. ఇప్పుడు నానే అంటే నిన్న అబద్ధమాడినట్టు. పైగా డైరెక్టరు మెచ్చుకున్న పని తనదేనని చెప్పుకునే దారి కూడా లేదు. దాన్ని తన నోటితోనే మూసేసుకున్నాడు.

"ఆ మనిషే చేసింది బాబూ" అన్నాడు చివరికి.

"విన్నావా? రేపటితో ఆఖరు. కావాలా, చింపేయనా?"

అమ్మాజీ అంతసేపూ గోడ పెచ్చులూడిన చోట వేలితో తడుముతూనే ఉంది. తర్వాత తన ఇంటిపేరు చెప్పింది. కాగితం అందుకుని రెండు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. త్రినాథరావు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. "అమ్మాజీ..." అన్నాడు. ఆవిడ, "స్తంభాలకి మట్టి సోమవారం కలుపుతానండి" అని బస్సు స్టాపు వైపు నడిచింది.

శనివారం సంఘం ఆఫీసులో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. నడిమి ఆయన ఉత్తరం చదివి, ఫోనులో పుర్రె ఫోటో వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"శభాష్. ఆడమనిషివి, ఎంత ఖచ్చితంగా చేశావమ్మా. వెంట్రుకవాసి తేడా లేదు. ఎలా చేశావు?"

చేసిన తీరు చెప్పకుండా కార్డు ఇవ్వరు. అమ్మాజీ నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "నడిమికి తూకం గుండు దించి, కుడి పక్క కొలతలన్నీ ఎడం పక్కకి ఎత్తానండి. రెండు గంటలు పట్టిందండి."

ముద్ర వేసి కార్డు ఇచ్చారు.

సాయంత్రం తెచ్చి నాకే మొదట చూపించింది. ఫోటోలో కళ్ళు మూసుకుపోయాయి, నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. కార్డు గడప మీద పెట్టి ఇదంతా చెప్పుకొచ్చింది. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు గాలిలో కదులుతూనే ఉన్నాయి. కుడి చెయ్యి వెడల్పుగా పైకి పోయింది. ఎడమ చెయ్యి సన్నగా, పక్కకి వాలింది. మధ్యలో పొడుగాటి ముక్కు సాగింది. నేను బడికెళ్ళి చదువుకున్నదాన్ని కాను, సముద్రం కూడా రెండుసార్లే చూశాను. అయినా చెబుతున్నాను విను, ఆ రెండు చేతుల మధ్య ఆ జంతువు తల తిప్పి వింటున్నట్టే నాకు కనబడింది. చేతులు దించేసింది. అంతే, పోయింది.

ఆ సినిమా రేపో మాపో వస్తుంది. నువ్వు వెళతావు, నీ స్నేహితులతో. ఆ పుర్రె తెర మీద కనబడగానే అబ్బ ఎంత బాగా చేశారో అంటారు అందరూ. అప్పుడు పక్కనున్నవాళ్ళ చెవిలో చెప్పు తల్లీ. దాని ముఖం అలా ఉండేది కాదట, ఎడమకి ఒరిగి ఉండేదట, మా పక్క వాటా అమ్మాజీ సరిగ్గా అలాగే చేసిందట, అది మట్టిలో ఒక్క రాత్రే ఉందట అని. నేను ఉన్నా లేకపోయినా, వాళ్ళని కూడా మరొకరికి చెప్పమను.